విధులకు ఆటంకం, అరెస్టుకు ఎదురుతిరగడం: ఈ కేసు మీద పడితే మొదటి గంట నుంచి తీర్పు దాకా ఏం చేయాలి

"పోలీసుల విధులకు ఆటంకం కలిగించిన యువకుడిపై కేసు." పేపర్లో తరచూ కనిపించే లైను ఇది. దీని వెనక అరడజను సెక్షన్లు ఉండొచ్చు. కొన్నింటికి బెయిలు హక్కుగా వస్తుంది, కొన్నింటికి మెజిస్ట్రేటు ముందుకి వెళ్లాల్సిందే, ఒకదానికైతే మామూలు పోలీసు ఛార్జిషీటు మీద కోర్టు విచారణకి తీసుకోవడానికే వీల్లేదు. ఇవేవీ తెలియక, మొదటి రెండు రోజులూ టెన్షన్‌తో అటూ ఇటూ తిరిగి, ఉన్న సాక్ష్యం పోగొట్టుకుని, ఆర్నెల్ల తర్వాత లాయరు దగ్గర కూర్చుని "నేను అసలు చెయ్యే ఎత్తలేదండీ" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. చెయ్యెత్తలేదని చూపించే కాగితం కానీ, వీడియో కానీ అప్పటికి మిగలదు.

విశాఖలో ఉండేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఇక్కడి లెక్కలో రాస్తున్నాను. చట్టం మాత్రం దేశమంతటికీ ఒకటే.

అన్నిటికంటే ముందు ఒకటి తెలుసుకోండి. అరెస్టు తప్పయినా సరే, దాన్ని రోడ్డు మీద ఆపడం మీ వల్ల కాదు, ఆపబోతే రెండో కేసు తగులుకుంటుంది. తప్పని తేల్చేది కోర్టే. అక్కడ పనికొచ్చే సరుకంతా మొదటి 48 గంటల్లోనే చేతికి రావాలి. కింద రాసిందంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. మొదట ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ ఉందో చూడండి

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. స్టేషన్లో, కోర్టు వరండాలో ఇప్పటికీ "353 పెట్టారు" అనే అంటారు కాబట్టి పాత నెంబర్లు కూడా ఇస్తున్నాను.

• సెక్షన్ 221, పాత 186: ప్రభుత్వ ఉద్యోగి పనికి కావాలని అడ్డుపడటం. 3 నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కు.
• సెక్షన్ 132, పాత 353: ఉద్యోగిని పని చేయనివ్వకుండా దాడి చేయడం లేదా బలప్రయోగం. 2 ఏళ్ల దాకా. నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టుని అడగాలి.
• సెక్షన్ 121(1), పాత 332: అదే పనిలో గాయం చేయడం. పాత చట్టంలో 3 ఏళ్లు, ఇప్పుడు 5 ఏళ్ల దాకా. నాన్‌బెయిలబుల్.
• సెక్షన్ 121(2), పాత 333: తీవ్ర గాయం. కనీసం ఏడాది, గరిష్ఠంగా 10 ఏళ్లు.
• సెక్షన్ 262, పాత 224: మీ మీదున్న నేరానికి చట్టబద్ధంగా జరిగే అరెస్టుని మీరే అడ్డుకోవడం, కస్టడీ నుంచి తప్పించుకోవడం. 2 ఏళ్ల దాకా. బెయిలబుల్.
• సెక్షన్ 263, పాత 225: ఇంకొకరి అరెస్టుని అడ్డుకోవడం. మామూలుగా 2 ఏళ్ల దాకా, అవతలి మనిషి మీదున్నది పెద్ద నేరమైతే శిక్ష కూడా పెరుగుతుంది.
• సెక్షన్ 265, పాత 225బి: పై రెండిట్లో పడని అడ్డగింతలకి. 6 నెలల దాకా.

అసలు తేడా 221కీ 132కీ మధ్య ఉంది. మాటలతో అడ్డుపడితే 221 దాకానే రావాలి. చెయ్యి పడిందనో, పడబోయిందనో అంటేనే 132. బెయిలబుల్ కేసు కాస్తా నాన్‌బెయిలబుల్ అయ్యేది ఇక్కడే కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో "తోశాడు", "కాలరు పట్టుకున్నాడు", "చెయ్యి విదిలించాడు" అనే మాటల్లో ఏది రాశారో ఒక్కొక్క అక్షరం చదవండి.

ఎఫ్‌ఐఆర్ కాపీ దొరకడం కష్టమేమీ కాదు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్లో జిల్లా, స్టేషను, తేదీ కొట్టి చూడండి. అక్కడ లేకపోతే లాయరు కోర్టు నుంచి నకలు తీస్తారు.

2. ప్రాసిక్యూషన్ ఏం రుజువు చేయాలో తెలుసుకోండి

262 నిలబడాలంటే మూడు ఉండాలి: మీ మీద అప్పటికే ఒక నేరారోపణ ఉండటం, ఆ అరెస్టు చట్టబద్ధం కావడం, మీరు కావాలనే అడ్డుకోవడం. "అసలు ఏ కేసులో అరెస్టు చేయబోయారు?" అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే 262 బలహీనపడుతుంది. ఏ కేసూ లేని మనిషిని "స్టేషన్‌కి రా" అని లాగారు, అతను రానన్నాడు, దానికే 262 రాశారు, ఇలాంటిది కనిపిస్తే లాయరు మొదట పట్టుకోవాల్సిన పాయింటు ఇదే.

132కి దాడి కానీ బలప్రయోగం కానీ ఉండాలి, అది ఉద్యోగి తన విధి చేస్తున్నప్పుడు జరగాలి. దాడి అంటే ఏమిటో న్యాయ సంహిత 130లోనే ఉంది: కొట్టబోతున్నట్టు సైగ లేదా సన్నాహం ఉండాలి, వట్టి మాటలు దాడి కావు. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో పోలీసు మీద ఆరోపణలు రాసిన దంపతుల మీద పెట్టిన 353ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఎఫ్‌ఐఆర్‌లో గొడవ చేశారని తప్ప దాడి గురించి, బలప్రయోగం గురించి ఒక్క ముక్కా లేనప్పుడు 353 నిలవదని చెప్పింది. అరిచారు, వాదించారు, వీడియో తీశారు అన్నంత వరకే ఉంటే 132 పెట్టడానికి సరిపోదు.

చెయ్యి విదిలించుకోవడం మాత్రం కష్టమైన పాయింటు. ఉదాహరణకి, బీచ్ రోడ్డులో రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ జరుగుతోంది, కుర్రాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, కానిస్టేబుల్ ఫోన్ లాక్కోబోయాడు, కుర్రాడు ఫోన్ గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు, కానిస్టేబుల్ మోచెయ్యి బండి హ్యాండిల్‌కి తగిలి గీరుకుంది. పోలీసు కాగితంలో ఇది "చేతితో నెట్టి గాయపరిచాడు" అవుతుంది, అంటే 121(1), అంటే 5 ఏళ్ల సెక్షను. మన వైపు నుంచి చూస్తే బలం వాడింది ఫోన్ మీద, మనిషి మీద కాదు, గాయపరచాలన్న ఉద్దేశం లేదు, తగిలింది హ్యాండిల్‌కి. రెండు కథల్లో ఏది నిలబడుతుందో ఆ పక్కనున్న కెమెరా, డాక్టరు రాసిన రెండు లైన్లు తేలుస్తాయి.

ఇక ఆత్మరక్షణ. న్యాయ సంహిత 37 ప్రకారం ఉద్యోగి తన హోదాలో, మంచి ఉద్దేశంతో చేసే పని చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, ప్రాణభయమో తీవ్ర గాయం అవుతుందన్న భయమో లేకపోతే మీకు ఆత్మరక్షణ హక్కు ఉండదు. "అరెస్టు ఇల్లీగల్ కదా, అందుకే తోశా" అన్న వాదన చాలాసార్లు నిలబడకపోవడానికి కారణం ఇదే. దీనికి ఒక మినహాయింపు ఉంది: ఎదుటి మనిషి పోలీసని మీకు తెలియకపోతే, తెలిసే అవకాశమూ లేకపోతే, ఈ అడ్డు వర్తించదు. సివిల్ డ్రెస్సులో, కార్డు చూపించకుండా, ప్రైవేటు కారులోకి ఎక్కించబోయిన కేసుల్లో ఇది గట్టి వాదన.

3. పట్టుకుంటున్న ఆ నిమిషంలో

ఇక్కడ చేయాల్సింది తక్కువే, కానీ అదే క్రమంలో చేయాలి.

చేతులు కనిపించేలా పెట్టండి, జేబులో పెట్టకండి. "నేను ఎదిరించడం లేదు, వస్తున్నా" అని పక్కవాళ్లకి వినపడేలా ఒకటికి రెండుసార్లు అనండి. నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 43 ప్రకారం మాటతో కానీ చేతతో కానీ లొంగిపోతే ఒంటి మీద చెయ్యి వేయాల్సిన అవసరమే లేదు, బలవంతంగా ఎదిరిస్తేనే అవసరమైన బలం వాడొచ్చు. కాబట్టి ఈ మాట మీకు రెండు విధాలా కాపు: దెబ్బలు తగ్గుతాయి, వీడియోలో రికార్డయితే మీ వైపు సాక్ష్యం అవుతుంది.

తర్వాత రెండు ప్రశ్నలు, గొంతు పెంచకుండా: "నన్ను అరెస్టు చేస్తున్నారా సార్?", "ఏ కేసులో?" నేమ్ ప్లేటు మీద పేరు చూసి గుర్తుపెట్టుకోండి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనపడేలా ఉండాలని సెక్షన్ 36 చెబుతోంది.

వీడియో తీసే పని పక్కనున్న స్నేహితుడికి వదిలేయండి. అతను కూడా నాలుగడుగులు వెనక నిలబడి, అడ్డు రాకుండా, మాట్లాడకుండా తీయాలి. మొహంలోకి ఫోన్ పెట్టి "మీ పేరు చెప్పండి, మీ పేరు చెప్పండి" అని అరిచిన వీడియో రేపు మీకే ఎదురు తిరుగుతుంది.

తనిఖీలో ఆపమన్నప్పుడు బండి ఆపకుండా దూసుకుపోవడం, బ్రెత్ ఎనలైజర్ ఊదనని మొండికేయడం రెండూ చెడు చేస్తాయి. సరైన కారణం లేకుండా ఊదకపోతే ఆ నిరాకరణనే మీకు వ్యతిరేకంగా వాడుకునే వీలు మోటారు వాహన చట్టంలోనే ఉంది.

ఆడవాళ్ల విషయం వేరు. నోటిమాటగా అరెస్టు అని చెప్పగానే లొంగినట్టే లెక్క, తప్పనిసరి పరిస్థితి ఉంటే తప్ప మగ పోలీసు ముట్టుకోకూడదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లని అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి లిఖితపూర్వక నివేదికతో మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. ఈ నియమం తప్పితే అక్కడ పెనుగులాడొద్దు, టైము గుర్తుపెట్టుకుని మెజిస్ట్రేటుకి చెప్పండి.

4. ఇంట్లోవాళ్లు ఏం చేయకూడదు

అమ్మ వచ్చి కొడుకుని కావలించుకుని వదలదు, తమ్ముడు జీపు తలుపు పట్టుకుంటాడు, బావ ఎస్‌ఐతో వాదనకి దిగుతాడు. ప్రేమతో చేసే ఈ మూడు పనులకీ 263, 221, 132 రాయడానికి వీలుంది. ఒక్క ముద్దాయితో పోయే కేసు నలుగురు ముద్దాయిలది అవుతుంది, పైగా బయట ఉండి ష్యూరిటీ తేవాల్సిన మనిషే లోపల ఉంటాడు.

ఇంట్లోవాళ్లు చేయాల్సినవి ఇవీ:

• ఏ స్టేషన్‌కి తీసుకెళ్తున్నారో అడిగి, బండి నెంబరు, టైము రాసుకోండి.
• ఒక్కరే స్టేషన్‌కి వెళ్లండి. గుంపుగా వద్దు.
• అరెస్టయినవాళ్ల వివరాలు చూసే అధికారి ప్రతి స్టేషన్లో ఉండాలి, ఏఎస్‌ఐకి తగ్గని హోదాలో. ఆ అధికారి ఎవరని అడగండి. మీ మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే కమిషనరేట్ కంట్రోల్ రూమ్‌కి, 112కి ఫోన్ చేయండి. ఆ కాల్ రికార్డే రేపు టైముకి సాక్ష్యం.
• లాయరుని పిలవండి. డబ్బు లేదంటే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులోనే ఉన్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు.
• మందులు వాడే మనిషైతే చీటీతో సహా మందులు పట్టుకెళ్లండి.
• ఇద్దరు ష్యూరిటీలని అనుకుని ఉంచండి: ఆధార్, ఫొటోలు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటిపన్ను రసీదు.

24 గంటలు దాటినా కోర్టులో పెట్టకపోతే లాయరు చేత మెజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయించండి, అవసరమైతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్) ఉంది.

5. స్టేషన్లో, ఆసుపత్రిలో, మెజిస్ట్రేటు ముందు

అరెస్టు మెమో మీద మీ సంతకం తీసుకుంటారు, ఇంటి మనిషో ఆ పేటలో పెద్దమనిషో సాక్షిగా సంతకం పెట్టాలి. సంతకం పెట్టే ముందు అందులో రాసిన టైము చూడండి. మిమ్మల్ని సాయంత్రం 6కి పట్టుకుని మెమోలో రాత్రి 11 రాస్తే, సంతకం పక్కనే "పట్టుకున్నది సాయంత్రం 6కి" అని రాయండి. రాయనివ్వకపోతే మెజిస్ట్రేటుకి చెప్పండి. ఆ అయిదు గంటల తేడా తర్వాత చాలా పనికొస్తుంది.

తెల్ల కాగితం మీద సంతకం వద్దు. విచారణలో మీరు చెప్పినట్టు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది, పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో మీ మీద సాక్ష్యంగా పనికిరాదు. పేరు, చిరునామా చెప్పండి. జరిగిన గొడవ గురించి "లాయరు గారితో మాట్లాడాక చెబుతా" అనండి, విచారణ జరుగుతుండగా లాయరుని కలిసే హక్కు ఉంది. కబుర్లలాగా అడిగే ప్రశ్నలకి కూడా ఇదే జవాబు.

అరెస్టుకి కారణాలు చెప్పడం రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చిన హక్కు. అన్ని నేరాల్లోనూ వాటిని మీకు అర్థమయ్యే భాషలో కాగితం మీద ఇవ్వాలని, వెంటనే కుదరకపోతే రిమాండుకి పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు తప్ప రాని మనిషి చేతిలో ఇంగ్లీషు కాగితం పెడితే ఆ మాట మెజిస్ట్రేటుకి చెప్పాలి.

వైద్య పరీక్షని తేలిగ్గా తీసుకోవద్దు. అరెస్టయిన వెంటనే ప్రభుత్వ డాక్టరు చూడాలి, ఒంటి మీద ఉన్న ప్రతి గాయం, అది సుమారుగా ఎప్పుడు తగిలిందో రాయాలి, నకలు మీకో మీరు చెప్పిన మనిషికో ఇవ్వాలి. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్లినా, దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లినా ఇదే పద్ధతి. పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉండగా "ఏమైనా దెబ్బలున్నాయా" అని డాక్టరు అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపేస్తారు. ఆ ఒక్క తల ఊపుడుతో "గాయాలు లేవు" అని పడిపోతుంది. చొక్కా విప్పి చూపించండి. ఎడమ భుజం మీద కమిలింది, ముంజేతి మీద గోటి గీతలు, వీపు మీద లాఠీ వాత, ఇలా చోటు చెప్పి చూపించండి.

మెజిస్ట్రేటు ముందుకి 24 గంటల్లో తేవాలి, ప్రయాణ సమయం మినహా. అక్కడ "పోలీసులు కొట్టారా?" అని అడుగుతారు. అడగకపోయినా మీరే చెప్పండి, నాలుగు ముక్కలు చాలు: ఎన్నింటికి పట్టుకున్నారు, కారణాలు కాగితం మీద ఇచ్చారా లేదా, ఇంట్లోవాళ్లకి చెప్పారా లేదా, దెబ్బలున్నాయా.

6. సాక్ష్యం పోకముందే పట్టుకోండి

ఎక్కువ కేసులు ఓడేది ఇక్కడే. కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

షాపుల, అపార్ట్‌మెంట్ల సీసీ కెమెరాల్లో రికార్డింగు కొద్ది రోజులకే చెరిగిపోతుంది. సంఘటన మద్దిలపాలెం జంక్షన్లో జరిగితే మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఒకరు అక్కడికి వెళ్లి, ఏ షాపు బోర్డు మీద కెమెరా రోడ్డు వైపు తిరిగి ఉందో చూసి, ఫొటో తీసుకుని, యజమానిని మర్యాదగా అడగాలి. ఇస్తే పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలే తీసుకోండి, స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీస్తే సరిపోదు. సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ బదులు వచ్చిన చట్టం) 63 కింద సర్టిఫికెట్ ఉంటేనే కోర్టు చూస్తుంది, ఆ ఫారం లాయరు ఇస్తారు. భయపడి ఇవ్వకపోతే, రికార్డింగు భద్రపరచమని లాయరు చేత నోటీసు ఇప్పించి, సురక్షా సంహిత 94 కింద కోర్టు ద్వారా తెప్పించమని పిటిషన్ వేయించండి. జంక్షన్లలోని పోలీసు కెమెరాలకి కూడా ఇదే దారి.

స్టేషన్ లోపలి కెమెరాలది ఇంకా ముఖ్యం. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టి, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, పరికరాలకి అంత శక్తి లేకపోతే కనీసం ఏడాది ఉంచాలని ఆదేశించింది. స్టేషన్లో మిమ్మల్ని ఎన్నింటికి లోపలికి తెచ్చారో, అప్పటికి ఒంటి మీద చొక్కా ఎలా ఉందో అందులో ఉంటుంది. ఈ పిటిషన్ మొదటి వారంలోనే పడాలి.

మనుషుల విషయానికొస్తే, జంక్షన్లో చెరకురసం బండి, ఆటో స్టాండు, టీ కొట్టు, వీళ్లు అన్నీ చూస్తారు, ఎవరూ ముందుకి రారు. ఒత్తిడి చేయకండి. పేరు, ఫోన్ నెంబరు లాయరుకి ఇచ్చి ఊరుకోండి. సాక్షికి ఏం చెప్పాలో నేర్పించడం, డబ్బివ్వడం కేసుని చంపేస్తాయి.

మీరు కూడా ఆ రాత్రే కూర్చుని నిమిషాల వారీగా జరిగింది రాసుకోండి. కాగితం పైన "మా లాయరు గారి కోసం" అని రాసి ఆయనకే ఇవ్వండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

7. బెయిలు

221, 262, 265 మాత్రమే ఉంటే బెయిలు మీ హక్కు. ష్యూరిటీ తేలేక వారం దాటితే ఆ మనిషిని పేదగా లెక్కగట్టి సొంత పూచీకత్తు మీద వదలాలి.

132, 121(1) నాన్‌బెయిలబులే కానీ, రెండూ ఏడేళ్ల లోపు సెక్షన్లు. అలాంటివాటిలో అవసరం ఏమిటో రాయకుండా అరెస్టు చేయకూడదని, మామూలుగా నోటీసు ఇచ్చి పిలవాలని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. జనం నోట్లో "41ఏ నోటీసు" అంటారే, అది ఇప్పుడు సురక్షా సంహిత 35(3). నోటీసు వస్తే చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లండి, వెళ్లినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఎగ్గొడితే అరెస్టుకి దారి మీరే ఇచ్చినట్టు. అరవై దాటినవాళ్లని, అనారోగ్యంతో ఉన్నవాళ్లని మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు.

అరెస్టు భయం ఉంటే సెషన్స్ కోర్టులో సురక్షా సంహిత 482 కింద ముందస్తు బెయిలు వేయొచ్చు. 121(2) ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వేయండి.

8. కాగితాలు చేతికొచ్చాక టైములు కలపండి

ఛార్జిషీటు పడ్డాక, మీరు కోర్టుకి హాజరైన 14 రోజుల్లో నకళ్లన్నీ ఉచితంగా ఇవ్వాలి. అందగానే ఒక తెల్ల కాగితం మీద ఈ టైములు వరుసగా రాయండి:

• సంఘటన జరిగిందని రాసిన టైము
• స్టేషన్‌కి సమాచారం అందిన టైము, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ రిజిస్టరు) నెంబరు
• ఎఫ్‌ఐఆర్ కోర్టుకి పంపిన తేదీ, టైము
• అరెస్టు మెమో టైము
• కానిస్టేబుల్‌ని డాక్టరు చూసిన టైము
• మిమ్మల్ని డాక్టరు చూసిన టైము

తొమ్మిదింటికి దెబ్బ తగిలిందన్న కానిస్టేబుల్ మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి ఎందుకు వెళ్లాడు? వూండ్ సర్టిఫికెట్లో (డాక్టరు ఇచ్చే గాయాల పత్రంలో) ఎవరు కొట్టారని చెప్పాడు, "తెలిసిన వ్యక్తి" అనా, "ముద్దాయి" అనా, "బండి మీద నుంచి పడ్డాను" అనా? చొక్కా చిరిగిందని రాశారు, ఆ చొక్కాని స్వాధీనం చేసుకుని కోర్టులో పెట్టారా? రాత్రి జంక్షన్లో అంతమంది ఉండగా సాక్షులంతా ఆ స్టేషన్ వాళ్లేనా? క్రాస్ ఎగ్జామినేషన్‌లో సగం పని ఈ ప్రశ్నలే చేస్తాయి. పోలీసు సాక్షులన్నంత మాత్రాన కోర్టు వాళ్లని నమ్మకూడదనేం లేదు, వాళ్ల మాటకీ కాగితానికీ పొంతన లేదని మీరు చూపించాలి.

9. ఏ అస్త్రం ఎప్పుడు

221 మీద: సురక్షా సంహిత 215 ప్రకారం ఆ ఉద్యోగి కానీ, ఆయన పై అధికారి కానీ కోర్టుకే లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. అది లేకుండా ఛార్జిషీటు మీద 221 విచారణకి తీసుకుంటే అభ్యంతరం మొదటి వాయిదాలోనే పెట్టండి. ఆ ఫిర్యాదుకి గడువు కూడా ఏడాదే. అయితే ఈ అడ్డు 132కి లేదు. 221 పోయినా 132 సొంతంగా నడుస్తుంది, ఈ తేడా తెలియక "కేసు పోయింది" అనుకుని వాయిదాలు మానేసేవాళ్లు వారెంటు తెచ్చుకుంటారు.

121(1) ఉంటే అది వారెంట్ కేసు (రెండేళ్లకి మించి శిక్ష ఉన్నది), నకళ్లు అందిన 60 రోజుల్లో డిశ్చార్జి పిటిషన్, అంటే ట్రయల్‌కి ముందే కేసు నుంచి వదలమని అడిగేది, వేయాలి. కొత్త చట్టంలో వచ్చిన గడువు ఇది, క్యాలెండర్ మీద రాసుకోండి. 132, 262 మాత్రమే ఉంటే సమన్స్ కేసు (రెండేళ్లు మించనిది), అక్కడ సెక్షన్ 274 కింద ఆరోపణకి ఆధారం లేదని చూపించి విడుదల అడగొచ్చు.

హైకోర్టులో సురక్షా సంహిత 528 కింద క్వాష్ పిటిషన్ (కేసే కొట్టేయమని అడిగేది) అందరికీ పనికిరాదు. ఎఫ్‌ఐఆర్‌లో రాసినదంతా నిజమే అనుకున్నా నేరం కాదు అన్నట్టుంటేనే అమరావతి దాకా వెళ్లండి. "తోశాడు" అని రాసి ఉంది, మీరు తోయలేదంటున్నారు, అంటే అది సాక్ష్యంతో తేలాల్సిన గొడవ. అలాంటప్పుడు ఆ డబ్బు ఇక్కడ ట్రయల్ బాగా నడిపే లాయరు మీద పెట్టడం మేలు.

రాజీ గురించి చాలామంది అడుగుతారు. 132, 121 రాజీకి వీలైన సెక్షన్లు కావు, కాబట్టి లోక్ అదాలత్‌లో తేలవు. "మేం మాట్లాడి సెటిల్ చేయిస్తాం" అని డబ్బడిగే మధ్యవర్తులకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నేరం ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందని ఎవరో చెబుతారు. జరిమానా కట్టినా అది శిక్ష పడినట్టే, రికార్డులో ఉంటుంది. సాక్ష్యం మీకు నిజంగా వ్యతిరేకంగా ఉంటే, ఇదే మొదటి తప్పయితే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మంచి ప్రవర్తన బాండు మీద వదలమని అడగొచ్చు. ఆ చట్టం కింద వదిలితే శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవు. ఆ దారి గురించి లాయరుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

వీడియోని కోసి, పాట పెట్టి ఇన్‌స్టాలో వేయడం. అసలు ఫైలు దాచండి, పోస్టు తీసేయండి, ఎడిట్ చేసిన సంగతి లాయరుకి చెప్పండి.

ఆసుపత్రిలో దెబ్బలు చెప్పకపోవడం. బెయిలు మీద బయటికొచ్చిన రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించండి, తేదీ కనపడేలా ఫొటోలు తీయండి. ఆలస్యం ఎందుకైందో కూడా డాక్టరుకి చెప్పండి.

పోలీసులు కొట్టినా ఫిర్యాదు చేయకపోవడం. కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, కదలిక లేకపోతే మెజిస్ట్రేటు దగ్గర సురక్షా సంహిత 175 కింద పిటిషన్ ఉంది. నెలలు గడిచాక పెడితే కేసు నుంచి తప్పించుకోడానికి పెట్టాడంటారు.

ఫిర్యాది కానిస్టేబుల్ ఇంటికి వెళ్లి బతిమాలడం. సాక్షిని బెదిరించాడన్న మాట వస్తే బెయిలు రద్దవుతుంది. వెళ్లకండి, ఫోన్ కూడా చేయకండి.

బెయిలు షరతు ప్రకారం వారం వారం స్టేషన్లో పెట్టాల్సిన సంతకం మర్చిపోవడం. జ్వరం వచ్చి ఒక వారం తప్పితే డాక్టరు చీటీతో మర్నాడే లాయరుకి చెప్పండి.

11. ఉద్యోగం, పాస్‌పోర్టు

విశాఖలో చాలామంది కుర్రాళ్లు స్టీల్ ప్లాంట్, నేవల్ డాక్‌యార్డు, పోర్టు, పోలీసు ఉద్యోగాలకి చదువుతుంటారు. అటెస్టేషన్ ఫారంలో "మీ మీద కేసులున్నాయా" అన్న గడి ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయండి. కేసు చిన్నదైతే చెప్పిన మనిషి విషయంలో యాజమాన్యం మినహాయింపు ఇవ్వొచ్చు, దాచిన మనిషి మాత్రం ఆ దాచడం వల్లే ఉద్యోగం పోగొట్టుకోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది.

కేసు నడుస్తుండగా కొత్త పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. షిప్పుల్లో పనిచేసేవాళ్లు జాయినింగ్ తేదీ వచ్చాక పరుగెడతారు, కనీసం రెండు మూడు వాయిదాల ముందే పిటిషన్ వేయించండి.

కేసు కొట్టేసిన రోజే తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, నాలుగైదు కాపీలు తీసుకోండి. కొన్ని వారాల తర్వాత ఈ-కోర్ట్స్ సైట్లో మీ సీసీ నెంబరు (కోర్టులో కేసుకి ఇచ్చిన నెంబరు) కొట్టి, కేసు ముగిసినట్టు చూపిస్తోందో లేదో చూడండి. లేకపోతే తీర్పు కాపీ జతచేసి కోర్టు ఆఫీసులో, స్టేషన్లో అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.